జోజయ్య బాబాయి, నా వంద సీసీ బండి

పొద్దున వాకిలి ఊడుస్తుంటే వీధి చివర ఎవరిదో బండి మిట్ట ఎక్కలేక మూలుగుతూ పోయింది. మనిషి కనపడలేదు, బండీ కనపడలేదు, శబ్దమే వినపడింది. మూడో గేరులో ఎక్కుతున్నాడు, క్లచ్చి సగం పట్టుకునే ఉన్నాడు, వెనకాల బరువు ఉంది. చీపురు చేత్తో పట్టుకుని నాలో నేనే ఇదంతా చెప్పుకున్నాను. కాసేపటికి క్లచ్చి ప్లేట్లు మాడిన వాసన కూడా గాలికి వచ్చింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు జోజయ్య బాబాయి గుర్తొస్తాడు. ఊడవడం ఆపి గడప మీద కూర్చున్నాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద మాచర్ల అన్న మాట పోల్చుకోవడం తప్ప చదువు రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మాట ముందూ వెనకా అయితే తప్పు నాదే.

రెంటచింతలలో మాచర్ల రోడ్డు మీద ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. అరవై దాటిన మనిషి, బక్కగా ఉండేవాడు. గళ్ల లుంగీ, మెడలో జపమాల, చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ. ఆ బీడీ వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు, మానేసి చాలా ఏళ్లయినా అలవాటుగా పెట్టుకునేవాడట. బండి తీసుకెళ్తే ముందు పానా పట్టేవాడు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గంట కొడితే చేతిలో ఏ పని ఉన్నా కింద పెట్టి, లేచి నిలబడి, ప్రార్థన అయ్యేదాకా మాట్లాడేవాడు కాదు. ఎంత పెద్ద మనిషి వచ్చి నిలబడినా సరే. ఆ ఎండలో తెల్లచొక్కాల వాళ్లు కూడా నోరు మూసుకుని ఎదురు చూడాల్సిందే.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది మా ఆయన పోయిన అయిదో నెలలో. మా ఆయన గుట్ట మీద రాయి క్వారీలో డ్రిల్లింగు పని చేసేవాడు. పదహారేళ్లు ఆ దుమ్ము మింగాడు. చివరికి ఊపిరితిత్తుల్లో అదే పేరుకుపోయిందన్నారు. ఆయనకో వంద సీసీ బండి ఉండేది, ఎవరో వాడి వదిలేసింది. తోలే ఓపిక లేనప్పుడు నన్ను ముందు కూర్చోబెట్టి, తను వెనకాల కూర్చుని, నా భుజం మీద చెయ్యేసి నేర్పాడు. చీర మీద ఆయన ఫుల్ చొక్కా, లోపల ఆయన పాత ప్యాంటు వేసుకుని నేను తోలేదాన్ని. మొదట మాచర్ల ఆసుపత్రికి, తర్వాత నరసరావుపేటకి. ఏడాదిన్నర తోలాను. నాకు బండి అంటే ఆసుపత్రి దారే. ఇంకో దారి ఉంటుందని నాకు తెలియదు.

ఆయన పోయాక క్వారీ మేస్త్రి సాంబయ్య పిలిచి పని ఇచ్చాడు. క్వారీలో పనిచేసే వాళ్ల ఇళ్లకి వెళ్లి అన్నం క్యారియర్లు పోగుచేసి, పన్నెండున్నరకి అక్కడ ఇనుప పట్టా మీద గంట కొట్టేలోపు గుట్ట మీదికి చేర్చాలి. ఇరవై ఎనిమిది క్యారియర్లు. పేర్లు రాసినా నేను చదవలేను కాబట్టి, ప్రతి ఇంటి ఇల్లాలు తన పాత చీర ముక్క ఒకటి క్యారియర్ పిడికి కట్టేది. ఆకుపచ్చ అంచు ముక్క కోటేశు ఇంటిది, నీలం పువ్వులది నాగమ్మ వాళ్లది, అలా. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. మా ఆయన పనికి పోయేటప్పుడు ఆయన క్యారియర్‌కి నేను కట్టేదాన్ని, పసుప్పచ్చ మీద ఎర్ర చుక్కల ముక్క, రెండు ముళ్లేసి మూడోది లోపలికి తిప్పి. దాన్ని చూసి మిగతావాళ్లు కట్టుకున్నారు.

పని బాగానే ఉంది, గుట్టే కుదరలేదు. ఊళ్లో బాగానే తిరిగిన బండి గుట్ట కింద కల్వర్టు దాటగానే గొంతు పట్టేసినట్టు అయ్యేది. సగం క్యారియర్లు కింద రాయి పక్కన దించి, సగంతో ఎక్కి, మళ్లీ దిగి మిగతా సగం తెచ్చేదాన్ని. పైకి చేరేసరికి గంట కొట్టి పావుగంట అయ్యేది. తెల్లారి ఆరింటికి పనిలో దిగిన వాళ్లు ఆకలి మీద ఉంటారు. మూడోసారి ఆలస్యమయ్యాక మేస్త్రి మెల్లగానే చెప్పాడు.

"కోటమ్మా, నీ మీద నాకు కోపం లేదు. వీళ్ల కడుపులు నా మాట వినవు. సోమవారం దాకా చూస్తా. అప్పటికీ ఇట్టాగే అయితే ఆటో వాడికి చెప్పేస్తా."

ఆటో శీను అప్పటికే క్వారీ చుట్టూ తిరుగుతున్నాడు. నన్ను చూసి, "అక్కా, అది సంతకి పోయి కూరగాయలు తెచ్చుకునే బండి. దాంతో గుట్టలెక్కుతానంటావేంది" అని నవ్వేవాడు. ఆ పని పోతే నాకు మళ్లీ మిరపకాయల కోతే. మోకాళ్లు అప్పటికే వంగనంటున్నాయి. పైగా మా అమ్మాయి పదో తరగతిలో ఉంది, కోతలకి పోతే దాన్ని కూడా వెంట తీసుకెళ్లాల్సి వచ్చేది. అందుకే గురువారం నాడు జోజయ్య షెడ్డు ముందు బండి ఆపాను.

"బాబాయ్, ఈ బండికి బలం చాలట్లా. ఇంజను బోరింగు చేసి కాస్త పెద్దది చేస్తావా?"

ఆయన తలెత్తి నన్ను చూశాడు, తర్వాత బండిని చూశాడు. "బలం చాలట్లేదని నీకెవురు చెప్పారు అమ్మాయ్?"

"గుట్ట చెప్పింది."

"గుట్ట మాట తర్వాత. ముందు దీన్ని అడుగుదాం, ఉండు" అని పెద్ద స్టాండు వేసి, వెనక చక్రాన్ని అరచేత్తో ఒక్కసారి విసురుగా తిప్పాడు. చక్రం ఒకటిన్నర చుట్టు తిరిగి, బరబరమని ఆగిపోయింది. "చూశావా. నువ్వు గుట్టెక్కేది బ్రేకు తొక్కుకుని."

"నేను తొక్కలేదు బాబాయ్."

"నువ్వు తొక్కలా. అదే పట్టుకుంది. ఇంత బిగుతుగా బిగించిందెవురు?"

"నేనే బిగించమన్నా, మాచర్లలో. దిగేటప్పుడు భయమని."

ఆయన టైరు మీద బొటనవేలితో నొక్కాడు. "గాలెందుకు ఇంత తక్కువ?"

"గతుకుల్లో ఎత్తెయ్యకుండా."

"ఎత్తేస్తే ఏమైద్ది? క్యారియర్లకి నడుం నొప్పొస్తదా?"

ఆయన బ్రేకు రాడ్డు వదులు చేసి, టైర్లకి గాలి పట్టి, ఒకసారి చర్చి దాకా వెళ్లి రమ్మన్నాడు. తను రోడ్డు పక్కన కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నేను తిరిగి వచ్చేసరికి అలాగే నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, నీ వెనకాల ఎవురు కూర్చున్నారు?"

"ఎవురూ లేరు బాబాయ్. ఒక్కదాన్నే పోయొచ్చా."

"మరి ఎవురి కోసం అంత మెత్తగా తోలుతున్నావు? క్లచ్చి అసలు వదలట్లా. ఇంజను చేసిన పనంతా ఆ ప్లేట్ల మీదే అరిగిపోతంది, చక్రం దాకా రావట్లా. వాసన చూడు."

నిజంగానే మాడు వాసన వస్తోంది. ఆ షెడ్డులో టైర్ల మీద కూర్చుని చెప్పాను. క్లచ్చి ఒక్కసారి వదిలితే బండి కుదుపు ఇచ్చేది, కుదుపుకి ఆయనకి దగ్గు వచ్చేది, దగ్గు మొదలైతే ఆగేది కాదు. అందుకని వదలకుండా తోలడం నేర్చుకున్నాను. గాలి తక్కువ పెట్టింది అందుకే. బ్రేకు బిగించింది కూడా దిగుడులో ఆయన బరువు నా మీద పడితే ఆపలేనేమోనన్న భయానికే.

బాబాయి పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అదీ సంగతి. నీ బండి ఇంకా రోగినే మోస్తంది అమ్మాయ్. ఇంక గుట్టేం ఎక్కుద్ది" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. నాడి చూసి చెప్పినట్టు అన్నాడు.

తర్వాత పక్క డబ్బా మూత విప్పాడు. బండి గాలి పీల్చుకునేది అక్కడి నుంచే. లోపలికి చూసి మొహం చిట్లించాడు. గాలి గొట్టం మూతి చుట్టూ గుడ్డ కట్టి ఉంది. దాని మీద క్వారీ దుమ్ము పేరుకుని, చమురు తగిలి, గోడకి సున్నం పూసినట్టు గట్టిపడింది.

"ఏ తలమాసినోడు కట్టాడు దీన్ని? ముక్కూ నోరూ మూసి పరిగెత్తమంటే మనిషైనా పరిగెడతాడా?"

నేను వంగి చూశాను. పైన అంతా తెల్లగా పెళుసుబారినా, ముడి దగ్గర రంగు మిగిలి ఉంది. పసుప్పచ్చ మీద ఎర్ర చుక్కలు. రెండు ముళ్లు, మూడోది లోపలికి, ఆయన క్యారియర్‌కి నేను కట్టినట్టే.

"మా ఆయనే కట్టాడు బాబాయ్" అన్నాను.

తనకి పట్టిన దుమ్ము బండికి పట్టకూడదనుకుని ఉంటాడు. ఎప్పుడు కట్టాడో, నాకు చెప్పనే లేదు. ఆయన చేత్తో కట్టి వెళ్లినది ఈ భూమ్మీద ఇంకేమీ మిగల్లేదు నాకు. బాబాయి కత్తెర తీస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

"మిగతావన్నీ చెయ్యి. దాన్ని మాత్రం తియ్యొద్దు."

"అది తియ్యకుండా మిగతావెన్ని చేసినా సగమే అమ్మాయ్."

"సగమే చెయ్యి."

ఆయన మూత మళ్లీ బిగించాడు. చైను మీద దుమ్మూ చమురూ కలిసి ఉప్పుకాగితంలా తయారైందని కిరసనాయిలుతో కడిగి, పలచగా ఆయిలు వేశాడు. శుక్రవారం, శనివారం బండి ముందుకంటే తేలిగ్గా కదిలింది. నేను క్లచ్చి పూర్తిగా వదలడం నేర్చుకున్నాను, భుజం మీద ఎవరూ లేరని ప్రతిసారీ నాకు నేను చెప్పుకుంటూ. శనివారం నాడు క్యారియర్లన్నీ దించకుండానే గుట్ట మొదలుపెట్టాను. మలుపు దాకా ఎక్కింది. మలుపులో నల్ల పొగ వదిలి ఆగిపోయింది. మళ్లీ సగం దించాను, మళ్లీ గంట కొట్టాక చేరాను. నాగమ్మ మొగుడు క్యారియర్ అందుకుంటూ నా మొహం కూడా చూడలేదు. మేస్త్రి మాత్రం, "సోమవారం" అన్నాడు, అంతే.

ఆదివారం ఆయన షెడ్డు తెరవడు. అయినా పూజ అయ్యే వేళకి వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాను. తెల్లచొక్కా వేసుకుని చర్చి నుంచి వస్తూ నన్ను చూసి, ఏమీ అడక్కుండా తాళం తీశాడు. చొక్కా విప్పి మేకుకి తగిలించి, పక్క డబ్బా మూత విప్పి, వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"నేను తియ్యను. కట్టినోడు నీవోడు. నువ్వే తియ్యాలి."

కత్తెర ఇస్తానన్నా తీసుకోలేదు. ముడి రాయిలా బిగుసుకుంది. గోళ్లతో లాగాను, పళ్లతో లాగాను, నోట్లో దుమ్ము కరకరలాడింది. పదహారేళ్లు ఆయన మింగింది ఇదే కదా అనుకున్నాను. చివరికి లోపలి ముడి వదులైంది. గుడ్డ చేతిలోకి వచ్చింది. నేను ఏడవలేదు, దగ్గాను. బాబాయి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు.

"ఆయన తప్పు చెయ్యలా అమ్మాయ్. దుమ్ముకి గుడ్డ కట్టాలనే అనుకున్నాడు, అది మంచి ఆలోచనే. బండికి దాని జల్లెడ దానికి ఉంది, వారం వారం దులిపితే చాలు. రాయి మోసే టిప్పర్ల వెనకాల పోయేది నువ్వు. ఇంటికి పోయి ఉతుక్కుని, నీ ముక్కుకి కట్టుకో."

ఆ మధ్యాహ్నమంతా బండితో గడిపాం. ఆ జల్లెడ మార్చి కొత్త ఫిల్టరు వేశాడు. మసిబారిన ప్లగ్గు నాకు చూపించి, "ఇదీ దానికి ఊపిరాడలేదని రాసిన కాగితం, దీన్ని నువ్వు చదవగలవు" అన్నాడు. ముందున్న ఇనుప గార్డు, వెనకాల సామాను పెట్టే బల్లలాంటి ఇనుప చట్రం రెండూ విప్పించాడు. క్యారియర్లు వెనకాల ఎత్తుగా పేర్చేదాన్ని నేను. అలా కాదని, గోనె సంచులు రెండు జోడించి కుట్టించి, నా సీటుకి ఆనుకుని అటూ ఇటూ కిందికి వేలాడేలా వేయించాడు. బరువు వెనక చక్రం దాటి పోతే ముందు చక్రం నేలని వదిలేస్తుందని, అప్పుడు మనమూ భయపడతాం, బండీ భయపడుతుందని చెప్పాడు. స్టార్టు చేశాక నాకు స్క్రూడ్రైవరు ఇచ్చి వినమన్నాడు. అన్నాళ్లూ గరగరమన్న ఇంజను లోపల సన్నగా, ఒకే తీరున, నిద్రపోయే మనిషి ఊపిరిలా వినపడింది. చాలాసేపు చెవి తియ్యలేదు నేను.

"రేపు కల్వర్టు దగ్గరే రెండో గేరులో పడిపో. మిట్ట మొదలయ్యాక వెతుక్కోవద్దు. గొంతు బరువెక్కగానే, అది బతిమాలకముందే, ఒకటికి దిగు. నువ్వు ముందుకు జరిగి కూర్చో. చర్చి గంట కొట్టేసరికి నా షెడ్డు దాటితే చాలు, తొందర పడమాక."

సోమవారం నాడు సరిగ్గా గంట కొడుతుండగా షెడ్డు దాటాను. ఆయన చేతులు జోడించి నిలబడి ఉన్నాడు, కళ్లు మూసుకుని. నన్ను చూడలేదు. విన్నాడని మాత్రం నాకు తెలుసు. ముక్కుకి ఎర్ర చుక్కల గుడ్డ కట్టుకున్నాను. కల్వర్టు దగ్గర రెండో గేరు వేసి, క్లచ్చి పూర్తిగా వదిలి, ఆ చేతిని పిడి మీదే గట్టిగా ఉంచాను, మళ్లీ అలవాటుగా పట్టుకోకుండా. మలుపు ముందు శబ్దం బరువెక్కింది. ఒకటికి దిగాను. రాళ్లు చక్రం కింద జారాయి, బండి ఒకసారి పక్కకి ఊగింది, ఆగలేదు. పైకి చేరి స్టాండు వేసేసరికి గుట్ట మీద అంతా పనిలోనే ఉన్నారు. గంట ఇంకా కొట్టలేదు.

మేస్త్రి చేతి గడియారం చూసుకున్నాడు. "ఏంది కోటమ్మా, కొత్త బండి కొన్నావా?"

"పాతదే మేస్త్రీ. దానికిప్పుడు ఒళ్లు బాగైంది."

ఆటో శీను అక్కడే ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి ఇంజను వైపు వంగి చూసి, "ఏం వేయించావు అక్కా లోపల?" అన్నాడు. "ఏం వేయించలా, తీయించా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. నేనూ విడమరచి చెప్పలేదు.

ఇక్కడితో అయిపోయిందని నేననుకున్నాను. బాబాయి అనుకోలేదు. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున, బ్రేకు చూపించుకుందామని వెళితే, సంచులు విప్పి షెడ్డులో పడేసి, "ఖాళీగా దుర్గి దాకా పోయిరా" అన్నాడు.

"దుర్గిలో నాకేం పనుంది బాబాయ్?"

"ఏం పనీ లేదు. అందుకే పొమ్మంటన్నా. నువ్వు దీన్ని ఆసుపత్రికి తోలావు, క్యారియర్లకి తోలావు. ఊరికే ఎప్పుడైనా తోలావా? ఊరికే తోలకపోతే అది ఏం చేయగలదో నీకు తెలవదు, నువ్వేం చేయగలవో దానికి తెలవదు."

వెళ్లాను. చల్లగా ఉంది, రోడ్డు మీద ఎవరూ లేరు. నాలుగో గేరు వేశాను. ఆ గేరులో నేను అన్నాళ్లూ నిండా పరిగెత్తించిందే లేదు. వంద సీసీ ఎంత, పక్క నుంచి పెద్ద బళ్లు గాలిలా దాటిపోతూనే ఉన్నాయి. కానీ వంకర్లలో దాని వేగం పోగొట్టకుండా, బ్రేకు ముట్టకుండా, ముందే చూసి ఒళ్లు అటు వంచితే చాలు, అది నాతో పాటు వంగేది. చొక్కా చేతులు గాలికి ఉబ్బాయి. ఎప్పుడు మొదలైందో తెలియదు, గట్టిగా నవ్వుతున్నాను. దుర్గిలో రోడ్డు పక్కన శిల్పులు అప్పుడే ఉలులు తీస్తున్నారు. వాళ్లలో ఒకడు నన్ను చూసి తనూ నవ్వాడు. టీ తాగి తిరిగి వచ్చాను.

ఆ రోజే కుళాయి దగ్గర ఒకావిడ నాకు వినపడేలా అంది. "మొగుడు పోయి ఏడాది తిరగలా, బండెక్కి ఊరేగుతంది." బిందె ఎత్తుకుని వచ్చేశాను గానీ మనసులో ముల్లు దిగింది. మర్నాడు బాబాయికి చెప్పాను, నవ్వడం తప్పేమోనని కూడా అన్నాను. ఆయన చక్రం తిప్పుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. "మీ ఆయన బండిని ఎట్టా చూసుకునేవాడు?"

"ఆదివారం వస్తే దాని పక్కనే కూర్చునేవాడు. ఊరికే తుడుస్తా ఉండేవాడు."

"అయితే నువ్వు నవ్వితే ఆయనకేం కష్టం లేదులే. ఆ పానా ఇటియ్యి."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు ఇద్దరం. నెలకోసారి ఊరికే దుర్గి దాకా పోయి రావడం మాత్రం మానలేదు నేను.

పోయిన వేసవిలో బాబాయి పోయాడు. రెంటచింతలలో నిప్పులు చెరిగే ఎండ అది. నిద్రలోనే పోయాడన్నారు. సమాధుల దాకా జనం నడిచారు, నేను బండి ఇంజను ఆపి నెట్టుకుంటూ వాళ్ల వెనక నడిచాను. నెడుతుంటే చక్రం చేతికి బరువే తగల్లేదు, చెప్పులు ఈడ్చే శబ్దమే నా చెవులకి ఎక్కువగా వినపడింది. ఇలా నడవాలి బండి అంటే, అని అనుకున్నాను. షెడ్డు ఇప్పుడు ఇంకెవరో తీసుకున్నారు. మధ్యాహ్నం చర్చి గంట కొట్టినా అక్కడ సుత్తి చప్పుడు ఆగదు.

ఇందాక మూలుగుతూ పోయిన బండి మిట్ట మీద ఆగిపోయిందని తర్వాత తెలిసింది. లేచి వెళ్లాను. పచ్చిమిరప బస్తా వేసుకున్న ముసలాయన, చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. బస్తా ముందుకి జరిపించి, బండికి పెద్ద స్టాండు వేయించి, వెనక చక్రం తిప్పి చూపించాను. ఒకటే చుట్టు తిరిగింది. "చూశావా పెదనాన్నా, నువ్వు బ్రేకు తొక్కుకుని ఎక్కుతున్నావు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే బాబాయి గొంతు వినపడింది.

ఇప్పటికీ రోజూ పొద్దున కిక్కు కొట్టకముందు నా బండి చక్రం చేత్తో తిప్పి ఆగేదాకా చూస్తాను. ఆదివారం జల్లెడ తీసి దులుపుతాను. గుట్ట మీదికి బయలుదేరేటప్పుడు ముక్కుకి ఆ గుడ్డే కట్టుకుంటాను, రెండు ముళ్లేసి మూడోది లోపలికి. ఉతికీ ఉతికీ ఎర్ర చుక్కలు ఎప్పుడో పోయాయి. సాయంత్రం విప్పి నీళ్లలో వేస్తే మాత్రం, నీళ్లు తెల్లగా మారుతూనే ఉంటాయి.